పెన్‌డ్రైవ్ పెడితే దానంతట అది తెరుచుకోవడం లేదు (డెబియన్ 12, ఎక్స్‌ఎఫ్‌సీఈ)

తెనాలి_జెరాక్స్

మాది జెరాక్స్, ప్రింటింగ్, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా. మా మెషీన్లలో టీపీఎం 2.0 (విండోస్ 11 అడిగే భద్రతా చిప్) లేదు, విండోస్ 11 ఎక్కదు. అందుకని కౌంటర్ మీద ఉన్న విండోస్ సిస్టం తీసేసి, లోపల బిల్లింగ్‌కి వాడుతున్న డెబియన్ (లైనక్స్‌లో ఒక రకం) సిస్టం, ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో, అక్కడ పెట్టాం. ప్రింటర్లు, స్కానర్ అన్నీ చక్కగా పనిచేస్తున్నాయి. చిక్కంతా పెన్‌డ్రైవ్‌లతోనే.

కస్టమర్ పెన్‌డ్రైవ్ ఇస్తాడు. పెడతాం. లైటు వెలుగుతుంది. స్క్రీన్ మీద ఏమీ రాదు. ఫైల్ మేనేజర్‌లో ఎడమ పక్కన పేరు కనిపిస్తుంది గానీ దాని మీద నొక్కితే ఏదో ఎర్రర్ వస్తుంది. మళ్లీ కొందరి పెన్‌డ్రైవ్‌లు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా తెరుచుకుంటాయి. ఫోన్‌ని కేబుల్‌తో పెడితే ఎప్పుడూ వస్తుంది. హాల్ టికెట్ ప్రింట్ కోసం వచ్చిన పిల్లలు అరగంటలో పరీక్ష అని నిలబడి ఉంటే ఎంత టెన్షనో మీకు తెలుసు. "మీ సిస్టంలో పెట్టాకే నా పెన్‌డ్రైవ్ పాడైంది" అని ఒకాయన గొడవ కూడా పెట్టుకున్నాడు.

తెలిసిన ఒకాయన "ఫార్మాట్ కొట్టెయ్, సరిపోతుంది" అన్నారు. అవి జనాల డ్రైవ్‌లు, వాటిలో వాళ్ల ఫైళ్లు ఉంటాయి, అలా ఎలా చేస్తాం? దారి చెప్పండి.

కెర్నల్_కిట్టు

ఫార్మాట్ చేయలేదు, చాలా మంచి పని చేశారు. అదే డ్రైవ్ వేరే సిస్టంలో తెరుచుకుంటోందంటే దాని తప్పేమీ లేదు. ముందు మీ సిస్టంలో పని ఎక్కడ ఆగుతోందో చూద్దాం.

టెర్మినల్ తెరిచి డీఎంఈఎస్‌జీ కమాండ్‌ని (కెర్నల్, అంటే లైనక్స్ అసలు గుండె, వేసే సందేశాలు చూపించేది) హైఫన్ డబ్ల్యూ పెట్టి నడపండి. అది నడుస్తుండగానే పెన్‌డ్రైవ్ పెట్టండి. వచ్చిన లైన్లు ఇక్కడ చెప్పండి. తర్వాత ఎల్‌ఎస్‌బీఎల్‌కే హైఫన్ ఎఫ్ కొట్టండి, అది సిస్టంలోని డ్రైవ్‌లు, వాటి ఫార్మాట్లు చూపిస్తుంది. కమాండ్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

విండోస్_వాసు

అన్నా, జనం వచ్చే కౌంటర్ మీద లైనక్స్ ఎందుకు పెట్టారు? షాపుకి విండోసే కరెక్ట్. పెట్టామా, వచ్చిందా, ప్రింట్ కొట్టామా అన్నట్టుండాలి.

నీలిమ_98

వాసు గారూ, విండోస్‌లోనూ ఇదే గోల చాలాసార్లు చూశాను. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో డ్రైవ్ కనిపిస్తుంది, దిస్ పీసీలో కనిపించదు. ఎందుకంటే దానికి డ్రైవ్ లెటర్ దక్కదు. నెట్‌వర్క్ డ్రైవ్‌కి ముందే ఎఫ్ అనో జీ అనో ఇచ్చి ఉంటే, పెన్‌డ్రైవ్‌కి కూడా అదే లెటర్ తగిలి చిక్కు పడుతుంది. ఎవరైనా ఆటోమౌంట్ (డ్రైవ్ పెట్టగానే వాడకానికి తెరవడం) ఆపేసి ఉన్నా అంతే. అడ్మిన్ ప్రాంప్ట్‌లో మౌంట్‌వాల్ స్లాష్ ఈ కొడితే మళ్లీ మొదలవుతుంది. ఏ సిస్టం వాడినా వెతికే ఓపిక ఉండాల్సిందే. టాపిక్‌లోకి వద్దాం.

స్టూడియో_శీను

నాకు వచ్చిన కేసు చెప్తాను, మీకు కూడా అదే కావచ్చు. నేను పెళ్లిళ్ల వీడియోలు తీస్తాను, ఎడిటింగ్ ఫెడోరాలో. ఒక పార్టీ వాళ్లు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తెచ్చారు, ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే) ఫార్మాట్. పెడితే మౌంట్ కాలేదు, అంటే ఫైళ్లు కనిపించేలా ఒక ఫోల్డర్‌కి తగులుకోలేదు. డీఎంఈఎస్‌జీలో "వాల్యూమ్ ఈజ్ డర్టీ అండ్ ఫోర్స్ ఫ్లాగ్ ఈజ్ నాట్ సెట్" అని పడింది. వాళ్ల ల్యాప్‌టాప్‌లో విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంది. డిస్క్ పెట్టి ఉంచే షట్‌డౌన్ కొట్టారు, ఆపైన డిస్క్ పీకారు. ఫాస్ట్ స్టార్టప్‌లో అది పూర్తి షట్‌డౌన్ కాదు, సగం హైబర్నేట్. డిస్క్ మీద పని మధ్యలో ఆగినట్టు గుర్తు ఉండిపోతుంది.

మళ్లీ విండోస్‌లో పెట్టి చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ కొట్టి, సేఫ్‌గా ఎజెక్ట్ చేసి తెస్తే మా దగ్గర వెంటనే తెరుచుకుంది. ఫోర్స్ పెట్టి మౌంట్ చేయమని నెట్‌లో చెప్పేవాళ్లు ఉంటారు. కస్టమర్ డిస్క్ మీద మాత్రం ఆ పని చేయకండి. వీడియో పోతే పెళ్లి మళ్లీ చేయించలేం.

కెర్నల్_కిట్టు

శీను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ కెర్నల్‌లోకి 5.15తో, 2021లో వచ్చింది. అది డర్టీ గుర్తు కనిపిస్తే ఆగిపోతుంది. పాత ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ అయితే హైబర్నేట్ అయిన డిస్క్‌ని చదవడానికి మాత్రమే తెరిచేది. కానీ తెనాలి వాళ్లవి ఎక్కువగా పెన్‌డ్రైవ్‌లు, అవి చాలావరకు ఫ్యాట్32 ఉంటాయి. లైన్లు రానివ్వండి.

ఆర్చ్_అభి

ఇంకో అవకాశం. సిస్టం అప్‌డేట్ అయ్యాక రీస్టార్ట్ చేయలేదా? ఆర్చ్‌లో కెర్నల్ అప్‌డేట్ అవగానే పాత కెర్నల్ మాడ్యూళ్లు (ఒక్కో ఫార్మాట్‌నో పరికరాన్నో నడిపే ముక్కలు) డిస్క్ మీద నుంచి పోతాయి. నడుస్తున్నది మాత్రం పాత కెర్నలే. అప్పుడు పెన్‌డ్రైవ్ పెడితే ఫ్యాట్ మాడ్యూల్ దొరక్క "అన్‌నోన్ ఫైల్‌సిస్టం టైప్ వీఫ్యాట్" అంటుంది. వీఫ్యాట్ అంటే ఫ్యాట్‌కి లైనక్స్ పేరు. రీస్టార్ట్ చేస్తే పోతుంది. ఆర్చ్ వాడేవాళ్లలో దీంతో కంగారు పడనివాళ్లు తక్కువ.

పాతకాపు_డెబియన్

డెబియన్‌లో అలా జరగదు అభీ. కొత్త కెర్నల్ పక్కన పాతది కూడా ఉంటుంది, దాని మాడ్యూళ్లతో సహా. పైగా ఆయన కొన్ని డ్రైవ్‌లు వస్తున్నాయంటున్నారు. మాడ్యూలే లేకపోతే ఒకే రకం ఫార్మాట్‌లో ఉన్నవేవీ రాకూడదు కదా.

తెనాలి_జెరాక్స్

డీఎంఈఎస్‌జీ కొడితే "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" అంది. సుడో పెడితే మీరు సుడోయర్స్‌లో లేరు అంటోంది.

సరళ_సిస్‌అడ్మిన్

డెబియన్‌లో మామూలు యూజర్‌కి డీఎంఈఎస్‌జీ చూసే అనుమతి ఉండదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ (సిస్టం మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే, మొదటి యూజర్‌ని సుడో గ్రూపులో (రూట్ అధికారంతో కమాండ్లు నడపగలిగేవాళ్లలో) చేర్చదు. ఎస్‌యూ, ఖాళీ, హైఫన్ కొట్టి రూట్ పాస్‌వర్డ్ ఇవ్వండి. అక్కడ ఆ కమాండ్ నడుస్తుంది. పని అయ్యాక ఎగ్జిట్ కొట్టడం మర్చిపోకండి.

తెనాలి_జెరాక్స్

థాంక్స్ మేడం, నడిచింది. రాని డ్రైవ్ ఒకటి పెట్టాను. "యూఎస్‌బీ మాస్ స్టోరేజ్ డివైస్ డిటెక్టెడ్" అని వచ్చింది. తర్వాత సైజు, ఆ కింద ఎస్‌డీబీ: ఎస్‌డీబీ1, చివర్లో "అటాచ్డ్ ఎస్‌సీఎస్‌ఐ రిమూవబుల్ డిస్క్". ఎర్ర లైన్లేమీ లేవు. ఎల్‌ఎస్‌బీఎల్‌కేలో ఎస్‌డీబీ1 ఎదురుగా వీఫ్యాట్ అనీ, డ్రైవ్ పేరూ కనిపిస్తున్నాయి. మౌంట్‌పాయింట్ కింద మాత్రం ఖాళీ.

డల్లాస్_తెలుగోడు

పవర్ చూసుకోండి. నా రాస్ప్‌బెర్రీ పై 4కి పెట్టిన హార్డ్‌డిస్క్ టిక్ టిక్ మని కొట్టుకుని ఆగిపోయేది. పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 1.2 ఆంపియర్లే. పవర్ ఉన్న హబ్ పెట్టాక సమస్య పోయింది. యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. క్యాబినెట్ ముందు వైపు పోర్టులకి లోపల వైరు సన్నగా ఉంటే అదీ దక్కదు.

కెర్నల్_కిట్టు

హార్డ్‌డిస్క్‌లకి ఇది మంచి సలహా. ఇక్కడ మాత్రం వర్తించదు. పవర్ చాలకపోతే డీఎంఈఎస్‌జీలో డిస్‌కనెక్ట్, రీసెట్, ఐఓ ఎర్రర్ లైన్లు వరసగా పడేవి. ఆయనకి సైజు వచ్చింది, పార్టిషన్ (డ్రైవ్ లోపలి భాగం) వచ్చింది, ఫార్మాట్ కూడా గుర్తుపట్టింది. హార్డ్‌వేర్, కెర్నల్ రెండూ వాటి పని చేశాయి. తేడా ఆ పైన ఎక్కడో ఉంది.

సరళ_సిస్‌అడ్మిన్

కొత్తగా చదివేవాళ్ల కోసం వరస చెప్తాను. పెన్‌డ్రైవ్ పెట్టిన దగ్గర్నుంచి విండో తెరుచుకునేదాకా పని నలుగురి చేతులు మారుతుంది. మొదట కెర్నల్ గుర్తుపట్టి ఎస్‌డీబీ లాంటి పేరు ఇస్తుంది. యూడెవ్ దాని లేబుల్, యూయూఐడీ (ఆ డ్రైవ్‌కే ఉండే గుర్తింపు నంబర్), ఫార్మాట్ చదివి పెడుతుంది. యూడిస్క్స్ అనే సర్వీస్ అడిగినప్పుడు మౌంట్ చేస్తుంది. ఆ అడగడం డెస్క్‌టాప్ పని. గ్నోమ్‌లో, సినమన్‌లో అది సెట్టింగుల్లోనే ఉంటుంది, ఎక్స్‌ఎఫ్‌సీఈలో థునార్-వోల్‌మ్యాన్ అని వేరే ప్యాకేజీ.

అంటే కెర్నల్ అనేది తనంతట తాను ఏ డ్రైవ్‌నీ మౌంట్ చేయదు. జనం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. "లైనక్స్ గుర్తుపట్టట్లేదు" అంటారు. చాలాసార్లు గుర్తుపట్టి ఉంటుంది, మౌంట్ చేయమని అడిగినవాళ్లే ఉండరు.

తెనాలి గారూ, సెట్టింగ్స్‌లో రిమూవబుల్ డ్రైవ్స్ అండ్ మీడియా తెరవండి. "మౌంట్ రిమూవబుల్ డ్రైవ్స్ వెన్ హాట్-ప్లగ్డ్" టిక్ ఉందా చూడండి. ఆ పేజీయే కనిపించకపోతే థునార్-వోల్‌మ్యాన్ ఇన్‌స్టాల్ కాలేదని అర్థం.

తెనాలి_జెరాక్స్

పేజీ ఉంది, టిక్ ఉంది. దాని కింద "బ్రౌజ్ రిమూవబుల్ మీడియా" టిక్ కూడా ఉంది. అయినా అంతే.

విండోస్_వాసు

మరి కొన్ని వస్తాయి, కొన్ని రావు అన్నారు కదా. రానివి డూప్లికేట్ పెన్‌డ్రైవ్‌లేమో. మా ఏరియాలో 2 టీబీ అని రాసి చాలా చవగ్గా అమ్ముతున్నారు.

నీలిమ_98

డూప్లికేట్‌వి ఉంటాయి, నిజమే. లోపల చిప్ 16 జీబీ, 32 జీబీ ఉండి, పైకి 2 టీబీ అని చెప్పేలా మార్చి అమ్ముతారు. కానీ అవి కూడా మౌంట్ అవుతాయి. నిండడం మొదలయ్యాకే ఫైళ్లు పాడవుతాయి. లైనక్స్‌లో ఎఫ్3 అనే టూల్, విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ పెట్టి అసలు సైజు తేల్చుకోవచ్చు. ఇక్కడి సంగతి అది కాదనుకుంటున్నాను.

పాతకాపు_డెబియన్

తెనాలి గారూ, రెండు విషయాలు కావాలి. ఒకటి, నొక్కినప్పుడు వచ్చే ఎర్రర్ పూర్తిగా, ఒక్క అక్షరం వదలకుండా. "ఏదో ఎర్రర్" అంటే ఎవరం ఏమీ చెప్పలేం. రెండోది, వచ్చేవి ఏవి, రానివి ఏవి అనేది గుర్తున్నంత వరకు రాయండి. డ్రైవ్ కంపెనీ, సైజు అక్కర్లేదు. ఏ పరిస్థితిలో వచ్చింది, అది చాలు.

తెనాలి_జెరాక్స్

కౌంటర్‌లో కుర్రాణ్ణి కూడా అడిగి రాస్తున్నాను.

ఒక పెన్‌డ్రైవ్ ముందే పెట్టి ఉండి, అది రాలేదని తీయకుండా రెండోది పెడితే ఆ రెండోది వస్తుంది. మొదటిది తీసేసి అదే రెండోదాన్ని ఒంటరిగా పెడితే రాదు! కుర్రాడు ఈ కిటుకు కనిపెట్టి, పాత పెన్‌డ్రైవ్ ఒకటి ఎప్పుడూ వెనక పోర్టులో పెట్టి ఉంచుతున్నాడట. నాకు ఇప్పుడే తెలిసింది.

పాత 4 జీబీ డ్రైవ్ ఒకటి ఉంది, అది ఒంటరిగా పెట్టినా ఎప్పుడూ వస్తుంది. నాలుగైదు రంధ్రాలుండే కార్డ్ రీడర్‌లో పెట్టిన కెమెరా మెమరీ కార్డులు కూడా వస్తాయి. ఫోన్లు సరే సరి.

ఎర్రర్ ఇది: "ఎర్రర్ మౌంటింగ్ /డెవ్/ఎస్‌డీబీ1", ఆ తర్వాత "/మీడియా/యూఎస్‌బీ0: మౌంట్ పాయింట్ డజ్ నాట్ ఎగ్జిస్ట్".

పాతకాపు_డెబియన్

దొరికింది. మీ కుర్రాడికి నా తరఫున టీ ఇప్పించండి, సగం పని అతనే చేశాడు.

ఎర్రర్‌లో ఉన్న ఫోల్డర్ పేరు చూడండి: యూఎస్‌బీ0. యూడిస్క్స్ సొంతంగా మౌంట్ చేస్తే డెబియన్‌లో మీడియా ఫోల్డర్ కింద మీ యూజర్ పేరు, దాని కింద డ్రైవ్ లేబుల్‌తో ఫోల్డర్ పుడుతుంది. ఫెడోరా, ఆర్చ్‌లో అయితే రన్ కింద మీడియాలో. యూఎస్‌బీ0 అనే పేరు అది ఎప్పుడూ పెట్టదు. ఎవరో "ఎస్‌డీబీ1 వస్తే యూఎస్‌బీ0లో పెట్టు" అని రాసి ఉంచారు. అది రాసి ఉండే చోటు ఈటీసీ ఫోల్డర్‌లోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలు.

ఇప్పుడు మీరు చెప్పినవన్నీ కలపండి. సిస్టం హార్డ్‌డిస్క్ ఎస్‌డీఏ. మొదట పెట్టిన పెన్‌డ్రైవ్ ఎస్‌డీబీ, దాని పార్టిషన్ ఎస్‌డీబీ1. అది రాదు. అది ఉండగా రెండోది పెడితే ఎస్‌డీసీ1 అవుతుంది, దాని గురించి ఫైల్లో ఏమీ లేదు, అందుకే వస్తుంది. పాత 4 జీబీ డ్రైవ్‌లో పార్టిషన్ టేబులే లేకుండా నేరుగా ఫార్మాట్ చేసి ఉంటారు. అది ఎస్‌డీబీ అవుతుంది గానీ ఎస్‌డీబీ1 కాదు. కార్డ్ రీడర్‌లో ఒక్కో రంధ్రానికీ ఒక్కో పేరు పోతుంది. మీ కెమెరా కార్డు రంధ్రం మొదటిది కాదు కాబట్టి ఎస్‌డీసీయో ఎస్‌డీడీయో అయి ఉంటుంది. ఫోన్ అయితే ఎంటీపీ పద్ధతిలో వస్తుంది, దానికి ఎస్‌డీ పేర్లతో పనే లేదు.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ తెరిచి అందులో ఉన్నది చెప్పండి. ఏమీ మార్చకండి, చూడండి అంతే.

కెర్నల్_కిట్టు

అన్నా, నమస్కారం. కార్డ్ రీడర్ సంగతి నాకు తట్టనే లేదు.

సరళ_సిస్‌అడ్మిన్

4 జీబీ డ్రైవ్ గురించి పాతకాపు గారు ఊహించినది సరిచూడటం తేలిక. అది పెట్టి ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టండి. ఎస్‌డీబీ కింద 1 అనే కొమ్మ లేకుండా, ఎస్‌డీబీ ఎదురుగానే వీఫ్యాట్ ఉంటే ఆయన చెప్పిందే.

తెనాలి_జెరాక్స్

మేడం, అలాగే ఉంది. ఎస్‌డీబీ ఎదురుగానే వీఫ్యాట్, కింద కొమ్మ లేదు.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో యూయూఐడీతో మొదలయ్యే లైన్లు రెండు ఉన్నాయి, ఒకటి రూట్, ఒకటి స్వాప్. సీడీరామ్ లైన్ ఒకటి. చివర్లో ఇది:

/డెవ్/ఎస్‌డీబీ1 /మీడియా/యూఎస్‌బీ0 ఆటో ఆర్‌డబ్ల్యూ,యూజర్,నోఆటో 0 0

ఇది మేమెవరం రాయలేదు.

పాతకాపు_డెబియన్

మీరు రాయలేదు, ఇన్‌స్టాలర్ రాసింది. డెబియన్‌ని పెన్‌డ్రైవ్ నుంచి ఇన్‌స్టాల్ చేసినప్పుడు, ఆ పెన్‌డ్రైవ్‌నే సిస్టంలో ఎప్పుడూ ఉండే డ్రైవ్ అనుకుని ఈ లైన్ చేర్చడం డెబియన్ వాళ్లకి చాలాకాలంగా తెలిసిన తలనొప్పి. మీ సిస్టం ఎప్పటిది?

తెనాలి_జెరాక్స్

బిల్లింగ్ కోసం ఒక కుర్రాడు డెబియన్ 9 వేసి ఇచ్చాడు. తర్వాత అప్‌గ్రేడ్ చేస్తూ 12 దాకా వచ్చాం. బిల్లింగ్ సిస్టంకి పెన్‌డ్రైవ్‌లు పెట్టే అవసరమే రాలేదు.

పాతకాపు_డెబియన్

అందుకే ఇన్నాళ్లూ బయటపడలేదు. అప్‌గ్రేడ్ ఎఫ్‌ఎస్‌ట్యాబ్ జోలికి పోదు, అప్పటి లైన్ అలాగే ఉండిపోయింది.

యూడిస్క్స్ ఏ డ్రైవ్‌ని మౌంట్ చేయాలన్నా ముందు ఎఫ్‌ఎస్‌ట్యాబ్ చూస్తుంది. అక్కడ ఆ డ్రైవ్‌కి లైన్ ఉంటే సొంత పద్ధతి పక్కన పెట్టి ఆ లైన్ చెప్పినట్టే నడుచుకుంటుంది. ఆ లైన్ నోఆటో, అంటే దానంతట అది మౌంట్ చేయొద్దు, అంటోంది, పైగా యూఎస్‌బీ0 అనే ఫోల్డరే మీ దగ్గర లేదు.

చేయాల్సింది: రూట్‌గా ఆ ఫైలుకి ముందు ఒక కాపీ తీసి పెట్టుకోండి. నానోలో తెరిచి ఆ ఒక్క లైన్ మొదట్లో హ్యాష్ గుర్తు పెట్టండి. సేవ్ చేసి సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ కొట్టండి, సిస్టం ఆ మార్పు చదువుకుంటుంది. యూయూఐడీ లైన్లని ముట్టుకోవద్దు. అక్కడ ఒక్క అక్షరం తేడా వచ్చినా సిస్టం బూట్ అవ్వదు.

విండోస్_వాసు

ఒక డౌట్. ఆ లైన్‌లో నోఆటో బదులు ఆటో అని మారిస్తే సరిపోదా?

సరళ_సిస్‌అడ్మిన్

వద్దు వాసు గారూ, చాలామంది పడే గుంట అది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఆటో అంటే "పెట్టగానే" అని కాదు, "బూట్ అయ్యేటప్పుడు" అని. పొద్దున షాపు తెరిచి సిస్టం ఆన్ చేస్తే, పెన్‌డ్రైవ్ లేదు కాబట్టి సిస్టమ్‌డీ (సిస్టంని మొదలుపెట్టే ప్రోగ్రాం) దాని కోసం 90 సెకన్లు ఎదురుచూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో నల్ల స్క్రీన్ చూపిస్తుంది. నిజంగా ఎప్పుడూ ఉండే బ్యాకప్ డిస్క్‌ని ఆ ఫైల్లో రాయాల్సి వస్తే యూయూఐడీతో రాసి, నోఫెయిల్ (డ్రైవ్ లేకపోయినా బూట్ ఆపొద్దని) తప్పనిసరిగా పెట్టాలి. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లతో ఎప్పుడూ రాయకూడదు, అవి పెట్టిన వరసని బట్టి మారతాయి.

ఇంకో మాట. లైన్‌లో మధ్యన ఉన్న మొదటి ఆటోకి అర్థం వేరు. ఫార్మాట్ ఏదో నువ్వే కనుక్కో అని.

ఆర్చ్_అభి

యూఎస్‌బీ0 ఫోల్డర్ తయారు చేస్తే? ఎర్రర్ అదే కదా అడిగింది.

పాతకాపు_డెబియన్

ఎర్రర్ పోతుంది, జబ్బు పోదు. నోఆటో ఉంది కాబట్టి దానంతట అది తెరుచుకోవడం ఎలాగూ జరగదు. పైగా యూడిస్క్స్ సొంతంగా మౌంట్ చేస్తే ఫ్యాట్ డ్రైవ్‌లోని ఫైళ్లు లాగిన్ అయిన యూజర్ పేరు మీద ఉంటాయి. ఈ లైన్‌లో ఆ ఏర్పాటు లేదు. ఫైళ్లు రూట్ పేరు మీద వస్తే, స్కాన్ చేసిన కాపీని కస్టమర్ డ్రైవ్‌లోకి వేయబోతే పర్మిషన్ డినైడ్ అంటుంది. అప్పుడు ఇంకో థ్రెడ్ పెట్టాల్సి వస్తుంది.

తెనాలి_జెరాక్స్

హ్యాష్ పెట్టాను, రీలోడ్ చేశాను. వచ్చింది! ఒంటరిగా పెట్టినా వస్తోంది, విండో దానంతట అదే తెరుచుకుంటోంది. వెనక పోర్టులో ఉన్న పాత పెన్‌డ్రైవ్ తీయించేశాను. పాతకాపు గారికి, సరళ మేడంకి, కిట్టు గారికి, అందరికీ చాలా చాలా థాంక్స్. గొడవ పెట్టుకున్న ఆయన్ని పిలిచి మరీ చూపించాలని ఉంది.

ల్యాబ్_టీచర్

ఈ థ్రెడ్ మా స్కూల్ ల్యాబ్‌కి కూడా పనికొచ్చింది. మాకు మాత్రం కారణం వేరే తేలింది. పెన్‌డ్రైవ్ పెడితే డీఎంఈఎస్‌జీలో యూఎస్‌బీ డివైస్ అని వస్తుంది గానీ ఎస్‌డీబీ అనే మాటే రాదు. వెతికితే మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో ఒక ఫైలు ఉంది. యూఎస్‌బీ-స్టోరేజ్ మాడ్యూల్ లోడ్ చేయబోతే దాని బదులు ట్రూ అనే ఖాళీ కమాండ్ నడపమని రాసి ఉంది. వైరస్ రాకూడదని ఇదివరకు చూసుకున్న వాళ్లు కావాలనే ఆపారట. పిల్లలు ప్రాజెక్టులు తెచ్చుకోవాలి కాబట్టి హెడ్‌మాస్టర్ గారి అనుమతితో తీశాం.

సరళ_సిస్‌అడ్మిన్

అనుమతి అడిగి తీశారు, అది చాలా సరైన పని. ఆఫీసుల్లో, బ్యాంకుల్లో భద్రతా నియమాల కింద ఈ మాడ్యూల్‌ని ఆపడం మామూలే. అలాంటి చోట యూఎస్‌బీ రాకపోవడం రిపేర్ చేయాల్సిన లోపం కాదు.

నీలిమ_98

ఇప్పుడు తెనాలి వాళ్లకి నా వైపు నుంచి ఒక జాగ్రత్త. కౌంటర్‌లో రోజంతా తెలియని డ్రైవ్‌లు పెడుతుంటారు. దానంతట అది మౌంట్ అవడం వేరు, అందులోని ప్రోగ్రాం దానంతట అది నడవడం వేరు. ఆ సెట్టింగుల పేజీలోనే "ఆటో-రన్ ప్రోగ్రామ్స్" అని ఇంకో టిక్ ఉంటుంది, దాన్ని ఆఫ్‌లోనే ఉంచండి. విండోస్‌లో పెన్‌డ్రైవ్ ఆటోరన్ వల్ల ఎన్ని వైరస్‌లు పాకాయో మనందరికీ గుర్తుంది. 2011 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పాత విండోస్‌లలో కూడా అప్‌డేట్‌తో దాన్ని ఆపేసింది.

స్టూడియో_శీను

షార్ట్‌కట్ వైరస్ ఇంకా తిరుగుతోంది. ఫోల్డర్లన్నీ దాచేసి వాటి బదులు షార్ట్‌కట్‌లు పెడుతుంది. లైనక్స్‌లో పెడితే అసలు ఫోల్డర్లు మామూలుగానే కనిపిస్తాయి. కస్టమర్లు "నా ఫైళ్లు పోయాయి" అని ఏడుస్తూ వస్తే మీ కౌంటర్‌లోనే తీసి ఇవ్వొచ్చు. షాపుకి మంచి పేరొస్తుంది.

కెర్నల్_కిట్టు

మీ షాపులో కస్టమర్ డ్రైవ్ నుంచి చదవడమే తప్ప రాయడం లేకపోతే, అన్నిటినీ రీడ్-ఓన్లీగా మౌంట్ చేసేలా పెట్టుకోవచ్చు. యూడిస్క్స్ 2.9 నుంచి ఈటీసీలో యూడిస్క్స్2 ఫోల్డర్ కింద మౌంట్_ఆప్షన్స్.కాన్ఫ్ అని ఫైలు పెట్టుకునే వీలుంది. అందులో డిఫాల్ట్స్ కింద ఆర్‌ఓ అని రాస్తే చాలు. మీ నుంచి ఒకరి వైరస్ ఇంకొకరికి అంటుకునే అవకాశం ఉండదు, మధ్యలో పీకినా ఫైళ్లు చెడవు.

తెనాలి_జెరాక్స్

స్కాన్ కాపీలు వేసివ్వాలి కిట్టు గారూ, రోజూ ఉంటాయి. రీడ్-ఓన్లీ కుదరదు.

సరళ_సిస్‌అడ్మిన్

అయితే ఎజెక్ట్ నొక్కకుండా తీయొద్దని కౌంటర్‌లో కుర్రాడికి గట్టిగా చెప్పండి. కాపీ బార్ పూర్తయిందని చూపించినా డేటా కొంత మెమరీలోనే ఉండి, మెల్లగా డ్రైవ్‌లోకి వెళుతూ ఉంటుంది. ఫ్యాట్ డ్రైవ్‌లని యూడిస్క్స్ ఫ్లష్ ఆప్షన్‌తో మౌంట్ చేస్తుంది కాబట్టి వాటిలో త్వరగా రాసేస్తుంది. ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లకి ఆ ధీమా లేదు. పెద్ద వీడియో ఫైలు వేశాక ఎజెక్ట్ కొడితే కాసేపు తిరుగుతూ ఉంటుంది, హ్యాంగ్ అయిందనుకుని పీకకూడదు. అప్పుడే అసలు రాత జరుగుతోంది.

కరీంనగర్_కుర్రాడు

లేటుగా వచ్చాను. నాదీ ఇదే ప్రాబ్లం, కానీ ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో అలాంటి లైన్ లేదు. ఉబుంటు సిస్టంకి ల్యాప్‌టాప్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో (నెట్‌వర్క్ మీదుగా) లాగిన్ అయి వాడతాను. పెన్‌డ్రైవ్ పెడితే మౌంట్ కాదు, యూడిస్క్స్‌సీటీఎల్ మౌంట్ కొడితే పాస్‌వర్డ్ అడుగుతుంది.

పాతకాపు_డెబియన్

తమ్ముడూ, అది వేరే సంగతి. ఎస్‌ఎస్‌హెచ్‌తో వస్తే డెస్క్‌టాప్ సెషన్ ఉండదు, అంటే మౌంట్ చేయమని అడిగేవాళ్లు లేరు. నువ్వే అడిగినా, సిస్టం ముందు కూర్చోని మనిషివి కాబట్టి పోల్‌కిట్ (అనుమతులు చూసే సర్వీస్) పాస్‌వర్డ్ అడుగుతుంది. అలా అడగడం సరైనదే. రోజూ అదే డ్రైవ్ పెడతావా, రకరకాలవా?

కరీంనగర్_కుర్రాడు

ఒకటే అన్న, బ్యాకప్ డిస్క్. ఎక్స్‌టీ4 (లైనక్స్ ఫార్మాట్). ఎప్పుడూ పెట్టే ఉంటది.

పాతకాపు_డెబియన్

అలాగైతే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో రాయడమే నీకు దారి. పైన సరళ గారు చెప్పినట్టు యూయూఐడీ, నోఫెయిల్‌తో. మౌంట్ చేయాల్సిన ఫోల్డర్ ముందే తయారు చేసి పెట్టు. రాశాక రీస్టార్ట్ చేసేయకు. డీమన్-రీలోడ్ కొట్టి, మౌంట్ హైఫన్ ఏ (ఫైల్లో రాసినవి మౌంట్ చేసేది) కొట్టి చూడు. తప్పుంటే అక్కడే తెలిసిపోతుంది.